తండ్రి హత్య చేస్తే కొడుక్కీ ఆ రక్తమే వస్తుందా?

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. మీ బావగారు నాలుగేళ్ల కింద స్థలం గొడవలో, తాగి ఉన్నప్పుడు, పక్కింటాయన్ని కొట్టి చంపారు, ఇప్పుడు జీవితఖైదులో ఉన్నారు. మీ చెల్లెలూ, తొమ్మిదేళ్ల మేనల్లుడూ మీ ఇంట్లోనే ఉంటున్నారు. పోయిన నెల వాడు స్కూల్లో తోటి పిల్లాణ్ణి స్టీలు వాటర్ బాటిల్‌తో కొడితే తలకి కుట్లు పడ్డాయి. అప్పట్నుంచి మీ అమ్మగారు "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా, ఆ రక్తం ఊరికే పోతుందా" అంటున్నారు, పైకి ఆవిణ్ణి కసురుకుంటున్నా మీకూ లోపల టెన్షన్‌గానే ఉంది. నేరానికి జన్యువు ఉంటుందా, ఉంటే ఇప్పుడే టెస్ట్ చేయించొచ్చా, వాణ్ణి తండ్రి దగ్గరికి ములాఖత్‌కి తీసుకెళ్తే ఇంకా చెడిపోతాడా అని మీ ప్రశ్నలు.

నేను సైకియాట్రిస్టుని. సర్వీసులో చాలా భాగం ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనే గడిచింది. జైళ్ల నుంచి ఎస్కార్టుతో తెచ్చే ఖైదీలను చూడటం, వాళ్ల గురించి కోర్టుకి రిపోర్టు రాయడం అక్కడ మా పనిలో భాగం. ఖైదీల భార్యలు, తల్లులు వార్డు బయట ఆపి అడిగేది దాదాపు మీ ప్రశ్నే, కాకపోతే వాళ్లు జన్యువు అనరు, "వీడికీ అదే వస్తుందా డాక్టరుగారూ" అంటారు.

టెస్ట్ లేదు. ఉందని చెప్పి ఎవరైనా ఉమ్మి శాంపిల్ పంపమంటే డబ్బులు కట్టకండి. రక్తం సంగతి మాత్రం అదంతా ఉత్తిదే అని నేను కొట్టేయను. అందులో కొంత నిజం ఉంది, కానీ మీ అమ్మగారు అనుకుంటున్న నిజం అది కాదు. (ఆవిడ సామెతలో దూడ చేలోకి పోయేది తల్లి వెనకాలే తిరుగుతుంది కాబట్టి. రక్తం ఊసే లేదు అందులో.)

నేరం కొన్ని కుటుంబాల్లో ఎక్కువగా కనిపిస్తుందన్నది నిజమే. తండ్రికి శిక్ష పడిన ఇళ్లలో కొడుకులకు శిక్ష పడే అవకాశం మిగతా ఇళ్లకంటే ఎక్కువని చాలా దేశాల రికార్డుల్లో తేలింది. తగువంతా అది ఎందుకన్న దగ్గరే. ఒక ఇంట్లో తండ్రీకొడుకులు జన్యువులే కాదు, అప్పులూ, వీధీ, ఇంట్లో తాగుడూ, పోలీసుల నోట్లో నానిన ఇంటిపేరూ అన్నీ కలిసి పంచుకుంటారు. ఇందులో దేని వాటా ఎంతో విడదీయాలంటే, కన్న తండ్రి ఒకరూ పెంచిన తండ్రి ఇంకొకరూ అయిన పిల్లలు కావాలి, వాళ్లందరి పోలీసు రికార్డులూ కావాలి. అలాంటి రికార్డులు డెన్మార్క్‌లో దొరికాయి. 1924 నుంచి 1947 వరకు అక్కడ బంధువులు కానివాళ్లకు దత్తత వెళ్లిన 14,427 మంది వివరాలు తీసి, సార్నాఫ్ మెడ్నిక్ బృందం 1984లో సైన్స్ పత్రికలో ప్రచురించింది.

అందులో దత్తత వెళ్లిన మగపిల్లల లెక్క ఇలా ఉంది. కన్నవాళ్లకీ పెంచినవాళ్లకీ ఎవరికీ శిక్ష పడని చోట 13.5 శాతం మంది పెద్దయ్యాక ఏదో ఒక నేరానికి శిక్ష పడ్డవాళ్లయ్యారు. పెంచినవాళ్లకి మాత్రమే శిక్ష పడ్డ చోట 14.7 శాతం, కన్నవాళ్లకి మాత్రమే పడ్డ చోట 20 శాతం, ఇద్దరికీ పడ్డ చోట 24.5 శాతం. మీ అమ్మగారు ఇది చూస్తే 13.5 ఎక్కడ, 20 ఎక్కడ, నేను చెప్పలేదూ అంటారు. అనొచ్చు. మీరు అవే అంకెల్ని రెండో వైపు నుంచి చూడండి: కన్నవాళ్లు నేరస్థులైన పిల్లల్లో నూటికి 80 మందికి జీవితంలో ఒక్క శిక్షా పడలేదు. కన్నవాళ్లూ పెంచినవాళ్లూ ఇద్దరూ శిక్షలు పడ్డవాళ్లైన ఇంట్లో కూడా నూటికి 75 మంది ఏ శిక్షా లేకుండానే బతికారు.

ఇంకో సంగతి ఏమిటంటే, ఆ డానిష్ లెక్కలో కన్నవాళ్లతో సంబంధం కనిపించింది దొంగతనాల్లాంటి ఆస్తి నేరాల విషయంలో. కొట్లాటలు, హత్యల్లాంటి హింస విషయంలో ఆ సంబంధం తేలలేదు. తర్వాత స్వీడన్‌లో ఇంకా పెద్ద రికార్డులతో చేసిన అధ్యయనాల్లో హింసకూ కొంత వంశ ప్రభావం కనిపించింది, కాబట్టి ఆ విషయం అక్కడితో ముగిసిపోయిందని నేను చెప్పను. కానీ మీ బావగారి కేసు చూడండి: స్థలం తగాదా, మందు, చేతికి దొరికిన గునపం. అంతకుముందు ఆయన మీద ఒక్క కేసూ లేదని మీరే రాశారు. నేను చూసిన హత్యకేసు ఖైదీల్లో ఎక్కువమంది ఇలాంటివాళ్లే. సినిమాల్లో చూపించే చల్లటి నెత్తురు హంతకుణ్ణి చూసింది చాలా తక్కువ.

కవలల మీద చేసిన అధ్యయనాలు కూడా బోలెడు ఉన్నాయి. అవీ దత్తత అధ్యయనాలూ కలిపి 51 అధ్యయనాలను సూ రీ, ఇర్విన్ వాల్డ్‌మన్ 2002లో లెక్కగట్టారు. సంఘవిరుద్ధ ప్రవర్తనలో మనుషుల మధ్య కనిపించే తేడాల్లో 41 శాతం జన్యువుల వల్ల, 16 శాతం ఒకే ఇంట్లో పెరగడం వల్ల, 43 శాతం ఎవరికి వారికి విడిగా ఎదురైన అనుభవాల వల్ల అని తేల్చారు. ఈ 41ని పట్టుకుని యూట్యూబ్‌లో జనం ఆడుకుంటున్నారు, అందుకే చెబుతున్నా. అది ఒక జనాభాలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల లెక్క మాత్రమే. మీ మేనల్లుడి స్వభావంలో 41 శాతం తండ్రిదని దాని అర్థం కాదు, ఒక్క మనిషికి ఆ లెక్క వర్తించదు. పైగా పరిస్థితులు మారితే అంకే మారిపోతుంది. అమెరికాలో 1991లో లక్ష మందికి 9.8 హత్యలు జరిగితే 2014కి అది 4.4కి దిగింది. ఇరవై మూడేళ్లలో దేశం దేశానికి జన్యువులు మారవు కదా.

ఇప్పుడు మీరు పేపర్లో చదివానన్న "యోధుడి జన్యువు" సంగతి. మీ ప్రశ్నకి ఇది సూటిగా తగులుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

దాని అసలు పేరు ఎంఏఓఏ. మెదడులో సెరటోనిన్, నార్‌అడ్రినలిన్, డోపమైన్ లాంటి రసాయనాలు పని అయిపోయాక వాటిని విరగ్గొట్టే ఒక ఎంజైమ్ ఉంటుంది, దాన్ని తయారుచేయించే జన్యువు ఇది. 1993లో హాన్స్ బ్రన్నర్ అనే డచ్ వైద్యుడు ఒక కుటుంబాన్ని వర్ణించాడు. ఆ కుటుంబంలో కొందరు మగవాళ్లకి కొంచెం బుద్ధిమాంద్యం, చిన్న విషయానికే చెలరేగే కోపం, నిప్పు పెట్టడం, ఆడవాళ్ల మీద దాడి చేయబోవడం లాంటి ప్రవర్తన. వాళ్లందరికీ ఆ జన్యువులో ఒక్క అక్షరం మారిపోయి ఎంజైమ్ అసలు తయారే కావడం లేదు. అయితే అలా పూర్తిగా ఆగిపోయిన కుటుంబాలు ప్రపంచం మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. పేపర్లు రాసేది దాని గురించి కాదు, ఎంజైమ్ కాస్త తక్కువగా తయారుచేసే మామూలు రకం గురించి. ఆ మామూలు రకం యూరప్ మగవాళ్లలో సుమారు మూడింట ఒకరికి ఉంటుంది. అంత మందికి ఉన్నదాన్ని హంతకుల జన్యువు అనడం ఎలాగో నాకు అర్థం కాదు.

2002లో అవ్‌షలోమ్ కాస్పి, టెర్రీ మోఫిట్ బృందం న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన పిల్లల్ని పెద్దయ్యేదాకా అనుసరించి ఒక ఫలితం ఇచ్చింది. ఈ తక్కువ రకం జన్యువు ఉండి, చిన్నప్పుడు దెబ్బలూ హింసా అనుభవించిన అబ్బాయిలు ఆ గుంపులో 12 శాతమే, కానీ గుంపు మొత్తానికి హింసాత్మక నేరాల్లో పడ్డ శిక్షల్లో 44 శాతం వాళ్లవే. అదే జన్యువు ఉండి హింస లేని ఇంట్లో పెరిగినవాళ్లు మిగతావాళ్లకంటే చెడ్డగా తేలలేదు. దీని తర్వాత చాలామంది అదే పరీక్ష మళ్లీ చేశారు, కొందరికి వచ్చింది కొందరికి రాలేదు, అన్నీ కలిపి చూస్తే మగవాళ్లలో ప్రభావం ఉంది గాని చిన్నది. దాన్ని పట్టుకుని ఒక పిల్లాడి జాతకం చెప్పలేం.

మీ ఇంట్లో ఈ మాట తప్పకుండా చెప్పండి. ఎంఏఓఏ ఉండేది ఎక్స్ క్రోమోజోమ్ మీద. మగపిల్లాడికి ఒక్కటే ఎక్స్ ఉంటుంది, అది తల్లి నుంచే వస్తుంది. తండ్రి ఇచ్చేది వై. అంటే ఆ పేరుమోసిన జన్యువు మీ మేనల్లుడికి ఉన్నా సరే, అది మీ బావ దగ్గర్నుంచి రావడం కుదరదు. మీ చెల్లెలి ద్వారా రావాలి, ఆమెకి మీ నాన్నగారి నుంచో, మీ అమ్మగారి నుంచో రావాలి. "తండ్రి రక్తం" అని రోజూ అంటున్న పెద్దావిడే స్వయంగా అందించి ఉండొచ్చన్నమాట! గొడవలవుతాయనుకుంటే ఈ ముక్క ఆవిడకి చెప్పకండి, మీరు మాత్రం గుర్తుపెట్టుకోండి.

అటువైపు తండ్రి ఇచ్చిన వై ఉంది చూశారూ, నేరానికి అన్నిటికంటే గట్టి జీవసంబంధమైన గుర్తు అదే. మన దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో ఆడవాళ్లు నూటికి నలుగురే. కొంత శరీరం, కొంత పెంపకం, కొంత అవకాశం, దేని వాటా ఎంతైనా ఏ జన్యువు లెక్కా ఈ తేడాకి దరిదాపుల్లోకి రాదు. వయసు దాని తర్వాతది. పదిహేను దాటాక పెరిగి, ఇరవై ముందూ వెనకా కొసకెక్కి, ఆ తర్వాత తగ్గిపోతుంది. ఇవి రెండూ అందరికీ తెలిసినవే కాబట్టి ఎవరికీ వార్త కాలేదు.

వై అన్నాను కాబట్టి, రెండు వైలు ఉంటే రాక్షసులవుతారన్న పాత కథ కూడా మీ చెవిన పడే ఉంటుంది. 1965లో ప్యాట్రిషియా జేకబ్స్ బృందం స్కాట్లాండ్‌లో గట్టి కాపలా ఉండే ఒక మానసిక వైద్యశాలలో వెతికితే 197 మందిలో ఏడుగురికి ఎక్స్‌వైవై కనిపించింది. మరుసటి ఏడాది చికాగోలో ఎనిమిది మంది నర్సింగ్ విద్యార్థినులను చంపిన రిచర్డ్ స్పెక్‌కీ అదే ఉందని పత్రికలు రాసేశాయి, పరీక్ష చేస్తే లేదు. డెన్మార్క్‌లో పొడుగు మగవాళ్లు 4,139 మందిని పరీక్షించి 1976లో ఇచ్చిన రిపోర్టులో ఎక్స్‌వైవై ఉన్నవాళ్లకి శిక్షలు ఎక్కువే పడ్డాయి గాని అవి చిల్లర దొంగతనాల్లాంటివి, హింస కాదు. చదువులో వెనకబడటం దానికి కొంత కారణం. వెయ్యి మంది మగపిల్లల్లో సుమారు ఒకరు అలా పుడతారు, చాలామందికి ఆ సంగతి తెలియకుండానే జీవితం గడిచిపోతుంది.

కోర్టుల్లో ఈ జన్యువుల వాదన నడిచింది. 2009లో అమెరికాలోని టెనెసీలో ఒక హత్యకేసులో ముద్దాయికి తక్కువ రకం ఎంఏఓఏ ఉందనీ, చిన్నప్పుడు దెబ్బలు తిన్నాడనీ విన్న జూరీ మొదటి తరగతి హత్య కాదని తేల్చింది. అదే ఏడాది ఇటలీలో ట్రియెస్టె అప్పీలు కోర్టు ఒకడికి ఇదే కారణం మీద ఏడాది శిక్ష తగ్గించింది. నాకు ఈ తీర్పులు నచ్చలేదు. మూడింట ఒకరికి ఉన్న జన్యువు చూపించి శిక్ష తగ్గించొచ్చంటే, రేపు ఇంకో జడ్జి అదే జన్యువు చూపించి "వీడు మారడు, ఎక్కువ కాలం లోపలుంచండి" అనొచ్చు. మన దగ్గర చట్టం వేరే ప్రశ్న అడుగుతుంది. పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 84వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 22వ సెక్షన్ ప్రకారం, ఆ పని చేసే సమయంలో మతిస్థిమితం లేక తానేం చేస్తున్నాడో, అది తప్పో కాదో తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా అన్నదే లెక్క. జన్యువు ఆ ప్రశ్నకి జవాబు చెప్పదు.

మెదడు సంగతి కొంచెం వేరు. ఇక్కడ అరుదుగానైనా ఒక్క మనిషి విషయంలో ఖాయంగా చెప్పగలిగిన కేసులున్నాయి. వర్జీనియాలో నలభై ఏళ్ల స్కూల్ టీచరు ఒకతను, అప్పటిదాకా ఏ మచ్చా లేనివాడు, ఉన్నట్టుండి పిల్లల అశ్లీల చిత్రాలు పోగుచేయడం, ఇంట్లో చిన్నపిల్ల మీద చెయ్యి వేయబోవడం మొదలుపెట్టాడు. తలనొప్పితో ఆస్పత్రికి వెళ్తే కంటిగూటి పైన ముందుమెదడులో గుడ్డంత కణితి. తీసేస్తే ఆ కోరికలు పోయాయి. కొన్నాళ్లకి మళ్లీ మొదలైతే స్కాన్‌లో కణితి మళ్లీ కనిపించింది, మళ్లీ తీశారు, మళ్లీ తగ్గింది. 2003లో బర్న్స్, స్వెర్డ్‌లో అనే న్యూరాలజిస్టులు ఇది ప్రచురించారు. ఏడ్రియన్ రేన్ అనే పరిశోధకుడు హంతకుల మెదళ్లను పెట్ స్కాన్ (మెదడులో ఏ భాగం ఎంత పనిచేస్తోందో చూపే స్కాన్) చేసి ముందుమెదడు తక్కువగా పనిచేస్తోందని చూపించాడు, అదీ పనికొచ్చే పరిశోధనే, కాకపోతే అది గుంపుల సగటు. నా ముందు ఒక స్కాన్ పెట్టి ఇది హంతకుడిదా, బ్యాంకు మేనేజరుదా చెప్పమంటే చెప్పలేను, చెప్పగలనన్నవాణ్ణి నమ్మను. స్వీడన్‌లో సైన్యానికి పరీక్షించిన 7,10,264 మంది యువకుల్లో విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె బాగా నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకి హింసాత్మక నేరాల్లో శిక్ష పడే అవకాశం 39 శాతం ఎక్కువని 2015లో తేలింది. అది నిజమే. అలాగని నాడి చూసి నేరస్థుణ్ణి పట్టలేం, కబడ్డీ ఆడే కుర్రాళ్ల గుండె కూడా నెమ్మదిగానే కొట్టుకుంటుంది.

రక్తం అన్న మాట వినగానే నాకు చిరాకు రావడానికి ఇంకో కారణం, ఆ మాటని చట్టం చేసి జనం మీద అమలు చేసిన చోటు, స్టువర్టుపురం, మన బాపట్ల పక్కనే ఉంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. ఈ దేశంలో నేతపనివాడి కొడుకు నేతపనివాడైనట్టు దొంగ కొడుకు దొంగే అవుతాడు, అది వాళ్ల కులవృత్తి అన్నది దాని వెనక వాదన. నేరస్థులు పుట్టుకతోనే అలా ఉంటారని, పుర్రె ఆకారంలో తెలిసిపోతుందని ఇటలీలో చెజారే లోంబ్రోసో పుస్తకం రాసింది 1876లో. అంటే వీళ్లకి ఆ శాస్త్రం కూడా అక్కర్లేకపోయింది, కులం సరిపోయింది.

1911లో ఆ చట్టాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. ఎరుకలవాళ్లు అప్పటిదాకా ఎడ్ల మీద, గాడిదల మీద ఉప్పూ ధాన్యం వేసుకుని కోస్తా నుంచి లోపలి ఊళ్లకి తిరిగి అమ్ముకునేవాళ్లు. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, ఆ వ్యాపారం కూలిపోయింది. ఆ కూలిపోయినవాళ్లనే పుట్టుదొంగలని రాసుకున్నారు. 1913-14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ చేతిలో స్టువర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టారు, మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలిలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద. హాజరు పలకాలి, పాసు లేకుండా ఊరు దాటకూడదు, ఏ తప్పూ చేయని పిల్లాడు కూడా ఆ తెగలో పుట్టినందుకు ఆ పట్టీలోకి ఎక్కుతాడు. విచిత్రం ఏమిటంటే సరిగ్గా 1913లోనే ఇంగ్లండులో జైలు డాక్టరు చార్లెస్ గోరింగ్ సుమారు మూడు వేల మంది ఖైదీల కొలతలు తీసి, లోంబ్రోసో చెప్పిన పుట్టునేరస్థుడి ఆకారం ఎక్కడా లేదని ప్రచురించాడు. (గోరింగ్ కూడా తెలివితక్కువతనం వంశంలో వస్తుంది, నేరం దాంట్లోంచి వస్తుంది అన్నాడనుకోండి, వదిలేద్దాం.)

ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. పేరు మాత్రం పోలేదు. చుట్టుపక్కల ఊళ్లలో ఏ దొంగతనం జరిగినా ముందు పోలీసులు వెళ్లేది అక్కడికే, ఎవరి మీద ఎక్కువ నిఘా ఉంటే వాళ్ల మీదే ఎక్కువ కేసులుంటాయి, ఆ కేసులు చూపించి చూశారా రక్తం అంటారు. 1970ల్లో సంఘసంస్కర్తలు హేమలతా లవణం, లవణం దంపతులు ఆ ఊళ్లో కూర్చుని పనిచేశారు, పిల్లలు చదువుల్లోకి, ఉద్యోగాల్లోకి వెళ్లారు. 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల వెయిట్‌లిఫ్టింగ్‌లో బంగారు పతకం తెచ్చిన రాగాల వెంకట రాహుల్‌ది స్టువర్టుపురమే. జైలు మాన్యువళ్లలో విముక్త తెగలవాళ్లని (ఆ పాత చట్టం పట్టీలోంచి తీసేసిన తెగలవాళ్లని) అలవాటుపడ్డ నేరస్థులుగా చూసే రాతల్ని తీసేయమని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది 2024 అక్టోబరులో, అంటే మొన్న. ఇంట్లో ఒక పిల్లాణ్ణి రోజూ "నీది ఆ రక్తం" అంటే జరిగేది కూడా ఇదే, చిన్న కొలతలో. స్కూల్లో ఏ పెన్సిలు పోయినా ముందు వాడి బ్యాగే వెతుకుతారు.

ఇక పిల్లాడి సంగతి. మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది బాటిల్ గొడవ కాదు, మధ్యలో ఒక్క వాక్యంలో దాటేసిన విషయం: మీ బావ తాగొచ్చి చెల్లెల్ని కొట్టేవాడని, అప్పుడు పిల్లాడు మంచం కింద దూరేవాడని. ఐదేళ్లు వచ్చేదాకా వాడు చూసింది అది. ఎప్పుడు ఎటునుంచి దెబ్బ పడుతుందోనని ఎదురుచూడటం అలవాటైన పిల్లలు, పక్కవాడు ఊరికే చెయ్యి ఎత్తినా కొట్టడానికే అనుకుని ముందు తామే కొట్టేస్తారు. ఇదీ శరీరంలో జరిగేదే, జీవశాస్త్రమే, కానీ సరిచేయగలిగినది. కాబట్టి మొదట అడగాల్సింది ఆ రోజు బాటిల్ ఎత్తేముందు ఏం జరిగిందని. "మీ నాన్న జైల్లో ఉన్నాడంట" అని ఎవరైనా అన్నారేమో కనుక్కోండి. నా అనుభవంలో పదిలో సగానికి పైగా అదే ఉంటుంది.

తర్వాత మీ చెల్లెలిని నిదానంగా కూర్చోబెట్టి అడగండి. కడుపుతో ఉన్నప్పుడు ఆమెకి పొట్ట మీద దెబ్బలు తగిలాయా, కాన్పు కష్టమైందా, వాడు ఎప్పుడైనా తల కొట్టుకుని స్పృహ తప్పాడా, ఫిట్స్ వచ్చాయా, మాటలు ఆలస్యమయ్యాయా, నిద్రలో గురక పెడతాడా, చెవి సరిగా వినిపిస్తుందా. మీ ఇంటి దగ్గర పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఏదైనా ఉందా అన్నది కూడా చూడండి. చిన్న వయసులో ఒంట్లో చేరిన సీసం మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది, తెలివితేటలూ తగ్గుతాయి, నిలకడా తగ్గుతుంది. దానికి మామూలు రక్తపరీక్ష ఉంది. ఎంఆర్ఐ ఇప్పుడే వద్దు. ఫిట్స్, పొద్దున్నే వాంతులతో తలనొప్పి, స్వభావం ఒక్కసారిగా మారిపోవడం, ఇలాంటివి ఉంటేనే నేను స్కాన్ రాస్తాను.

ఒకచోట కూర్చోడు, క్లాసులో సగం వినడు, వంతు ఆగలేడు అని కూడా రాశారు. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతిచురుకుదనం ఉండే సమస్య) ఉందేమో పిల్లల సైకియాట్రిస్టు చూడాలి. అది బాగా వంశంలో నడిచేదే, మీ బావకీ చిన్నప్పుడు ఉండి ఉండొచ్చు, మీ అమ్మగారి మాటలో ఏదైనా నిజముంటే బహుశా ఇక్కడే ఉంటుంది. కానీ దీనికి మందు ఉంది. స్వీడన్‌లో ఏడీహెచ్‌డీ ఉన్న 25,656 మందిని చూసి 2012లో ఇచ్చిన లెక్కలో, మందు వాడుతున్న కాలంలో మగవాళ్ల నేరాలు 32 శాతం, ఆడవాళ్లవి 41 శాతం తగ్గాయి. మీ దగ్గర్లో పిల్లల సైకియాట్రిస్టు లేకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్, తెలుగులోనే మాట్లాడతారు, ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. వెళ్లేటప్పుడు వాడి నోటు పుస్తకాలు, టీచరు రాసిన రిమార్కులు పట్టుకెళ్లండి, నేనైతే ముందు అవే చూస్తాను. ఈలోగా ఇంట్లో ఎవరూ వాణ్ణి కొట్టకండి, ఆ బాటిల్ గొడవకి శిక్షగా కూడా. దెబ్బ తగిలిన పిల్లాడి ఇంటికి మీరూ వాడూ కలిసి వెళ్లి క్షమించమని అడగండి, కుట్లు వేయించిన ఖర్చు ఇవ్వండి, వాడి ముందే ఇవ్వండి.

ములాఖత్ విషయం. వెళ్లడం వల్ల పిల్లలు చెడిపోవడం నేను చూడలేదు, "నాన్న దుబాయ్‌లో ఉన్నాడు" అని నాలుగేళ్లు చెప్పి, ఆ అబద్ధం స్కూల్లో బయటపడ్డాక చెడిపోవడం చూశాను. అయితే నిర్ణయం మీదీ కాదు, మీ అమ్మగారిదీ కాదు, మీ చెల్లెలిది, తర్వాత పిల్లాడిది. వాడు భయపడితే బలవంతం చేయకండి, ముందు ఫోన్లో మాట్లాడించి చూడండి, ఖైదీలు ఇంటికి ఫోన్ చేసుకునే వీలు ఇప్పుడు జైళ్లలో ఉంటోంది. సరే అంటే వెళ్లేముందు వాడికి అంతా చెప్పండి: నాన్న తాగి గొడవపడి ఒకాయన్ని చంపాడు, అది పెద్ద తప్పు, దానికి శిక్ష అనుభవిస్తున్నాడు. అక్కడ పోలీసులు ఉంటారు, మధ్యలో జాలీ ఉండొచ్చు, నాన్నని ముట్టుకోవడానికి కుదరకపోవచ్చు, టైమ్ తక్కువ ఇస్తారు. ఏ రోజుల్లో ఇస్తారో ముందే జైలుకి ఫోన్ చేసి కనుక్కోండి, ఆధార్ కార్డులు మర్చిపోకండి, పరీక్షలు నడుస్తున్న వారంలో మాత్రం పెట్టుకోకండి.